వంపు మౌస్ సొత్తు కాదు

ధర్మవరం మగ్గం మీద మామిడిపిందె నేసేటప్పుడు ఆ పిందె వంపును ఎవరూ గీయరు. మగ్గానికి వంపంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి నిలువుగా సాగిన పడుగు, అడ్డంగా దూరే పేక. ఏ పేక దూరేటప్పుడు ఏ పోగులు పైకి లేవాలో జాకార్డు అట్ట చెబుతుంది. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం లేస్తుంది, లేనిచోట కిందే ఉండిపోతుంది. అట్టలన్నీ దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, పేకకొకటి చొప్పున వరసగా తిరుగుతూ వస్తాయి. చివరికి పెళ్లికూతురి చీర అంచున జరీ పిందె తోక తిప్పుకుని నిలుస్తుంది.

ఇదే ధర్మవరం నుంచి, పెనుకొండ నుంచి, హిందూపురం నుంచి ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లే పిల్లలకు దీనికి తలకిందులైన మాట నూరిపోస్తున్నారు. ప్రాజెక్టు రిపోర్టులో బొమ్మ కావాలంటే పవర్‌పాయింట్ తెరిచి, నాలుగు డబ్బాలు పెట్టి, మౌస్‌తో బాణాలు లాగాలట. కోడ్ రాసి బొమ్మ తెప్పించడం పనిలేనివాళ్ల పనట. ఒకవేళ రాసినా నిలువు గీతలు, అడ్డ గీతలతో సరిపెట్టుకోవాలి, వంపు బాణం ఒట్టి సోకు, ఆ సోకు కావాలనుకుంటే మళ్లీ మౌసే గతి. క్లాసులో విన్న ఈ మాటే వాళ్లకు తర్వాత బెంగళూరు ఆఫీసుల్లోనూ వినబడుతుంది. ఇందులో రెండు తప్పులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. వంపు అలంకారం అనడం మొదటిది. వంపు చేతికే లొంగుతుంది, కోడ్‌కు లొంగదు అనడం రెండోది.

మొదటి తప్పు తేల్చడానికి రైలు దారి చాలు. కాగితం మీద పైన ధర్మవరం, మధ్యలో పెనుకొండ, కింద హిందూపురం అని మూడు డబ్బాలు వేద్దాం. అన్ని చోట్లా ఆగే బండికి రెండు తిన్నని బాణాలు సరిపోతాయి. పెనుకొండలో ఆగకుండా పోయే బండిని ఎలా చూపాలి? తిన్నగా గీస్తే బాణం పెనుకొండ డబ్బాను చీల్చుకుంటూ పోతుంది. చూసినవాళ్లు బండి అక్కడ ఆగుతుందనే అనుకుంటారు. పెనుకొండ పక్కగా వంగి హిందూపురం చేరే బాణం ఒక్కటే ఉన్నమాట చెబుతుంది. మూలలు తిరిగే గీత వేయొచ్చు కదా అంటారు. ఒక్క బండికైతే వేయొచ్చు. అలాంటి గీతలు నాలుగు చేరాక ఏ మూల ఏ బాణానిదో వేలు పెట్టి వెతుక్కోవాల్సి వస్తుంది. మూల దగ్గర చూపు ఆగిపోతుంది, వంపు వెంట సాగిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. ధర్మవరం, పెనుకొండల మధ్య పాత లైను నేరుగా పోతుంది. 2000లో తెరిచిన లైను సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ మీదుగా చుట్టి వస్తుంది. రెండు ఊళ్ల మధ్య రెండు దారులు కాబట్టి బొమ్మలో రెండు బాణాలు ఉండాలి. రెండూ తిన్ననివే అయితే ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగానే కనిపిస్తాయి.

కంప్యూటర్ సైన్స్ విద్యార్థి ఆటోమాటా పాఠంలో మొదటి వారమే ఇంతకన్నా గట్టి సాక్ష్యం చూస్తాడు. ఒక స్థితిలో ఉన్న యంత్రం ఒక అక్షరం చదివి, మళ్లీ అదే స్థితికి వస్తుంది. బయలుదేరిన చోటికే తిరిగొచ్చే తిన్నని గీత లోకంలో లేదు.

ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో వంపు బాణానికి ఏకంగా అర్థమే వేరు. తిన్నని బాణం చర్య ఎటు సాగిందో చెబితే, వంపు బాణం ఎలక్ట్రాన్ జంట ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో చెబుతుంది. విలియం కెర్మాక్, రాబర్ట్ రాబిన్సన్ 1922లో ఈ వాడుక తెచ్చారు. నూరేళ్లుగా ప్రపంచమంతటా కర్బన రసాయన పాఠం ఆ వంపు మీదే నడుస్తోంది. ఆ బాణాన్ని ‘చక్కగా ఉంటుందని’ తిన్నగా మార్చిన విద్యార్థికి మార్కులు పోతాయి, పోవాలి కూడా. వంపు సోకు అన్నవాళ్లు దీనికి ఏం జవాబు చెబుతారు?

ఇక రెండో తప్పు. వంపు చేతి పనే అని నమ్మేవాళ్లు పెనుకొండ పక్కన ఎర్రమంచి దాకా వెళ్లి చూడాలి. అక్కడి కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఈనాటి కారు రేకుకు తిన్నని చోటు దాదాపు ఉండదు. ఆ వంపులను తీరుగా చెప్పే గణితం పుట్టిందే కార్ల కంపెనీల్లో. ఫ్రాన్స్‌లోని సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో 1959లో దానికి దారి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా దాచుకుంది. 1960లలో రెనో కంపెనీ ఇంజినీరు పియర్ బెజియే వేరుగా అదే చోటికి చేరి, లోకానికి చెప్పి, పేరు తెచ్చుకున్నాడు. ఈరోజు కంప్యూటర్ తెర మీద కనిపించే వంపుల్లో చాలాభాగం బెజియే వంపులే.

ఆ ఇద్దరికీ ఆ అవసరం ఎందుకొచ్చిందన్నదే ఈ వాదానికి ఆయువుపట్టు. అంతకుముందు కారు ఆకారం బొమ్మలోంచి మట్టి నమూనాలోకి, అందులోంచి చెక్క నమూనాలోకి, అందులోంచి అచ్చులోకి చేతులు మారేది. మారిన ప్రతిసారీ వంపు కొంచెం జారేది. చెయ్యి తిరిగిన పనివాళ్లకు కొదవ లేకపోయినా జారేది. ఒకరి చేతి వంపు మరొకరి చేతికి అచ్చంగా అందదని తేలాకే వంపును అంకెల్లో చెప్పే దారి వెతికారు. దొరికిన జవాబు ఎంతో పొదుపైనది: నాలుగు బిందువులు. బయలుదేరే చోటు ఒకటి, చేరే చోటు ఒకటి, నడుమ రెండు గుంజల్లాంటివి. గీత ఆ గుంజలను తాకకుండానే వాటివైపు మొగ్గుతుంది. గుంజ జరిపితే వంపు మారుతుంది. ఆ నాలుగు బిందువులు తెలిసిన ఎవరైనా, ఏ దేశంలోనైనా, అదే వంపు వెంట్రుకవాసి తేడా లేకుండా తీయగలరు.

బాణాలకు కోడ్ రాసేవాళ్లకు అంత లెక్క కూడా అక్కర్లేదు. లేటెక్‌లో రిపోర్టులు రాసేవాళ్ల కోసం టిల్ టాంటౌ టిక్‌జెడ్ అనే పనిముట్టు తయారుచేశాడు. ‘టిక్‌జెడ్ బొమ్మలు గీసే ప్రోగ్రాం కాదు’ అనే జర్మన్ వాక్యానికి ఆ పేరు పొట్టిరూపం. అందులో బాణానికి ‘బెండ్ లెఫ్ట్’ అని రెండు మాటలు రాస్తే చాలు, అది ఎడమకు వంగుతుంది. ఎంతో చెప్పకపోతే 30 డిగ్రీలు వంగుతుంది. ఏ కోణంలో బయలుదేరాలో, ఏ కోణంలో చేరాలో విడిగానూ చెప్పొచ్చు. ఇక్కడ ఎడమ అంటే కాగితానికి ఎడమ అనుకోకూడదు, బాణం ప్రయాణించే దిక్కుకు ఎడమ. ధర్మవరం నుంచి హిందూపురం వెళ్లే బాణానికి, తిరిగొచ్చే బాణానికి ఒకే మాట రాసినా మొదటిది తూర్పుకు, రెండోది పడమటికి వంగి వాటంతటవే విడిపోతాయి. మన రోడ్డు మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు రెండూ తమతమ ఎడమ పట్టుకుని గుద్దుకోకుండా పోయే నియమమే ఇది. మౌస్‌తో ఇదే పని చేయాలంటే రెండు గీతలను విడివిడిగా లాగి, రెండూ సమంగా వంగాయా లేదా అని కళ్లు చికిలించుకోవాలి. ఆ తర్వాత గైడు గారు వచ్చి పెనుకొండ డబ్బాను కాస్త కిందికి జరపమంటే, లాగిన వంపులన్నీ మళ్లీ సరిదిద్దాలి. కోడ్‌లో డబ్బా జరిగితే బాణం తానే సర్దుకుంటుంది.

ధర్మవరం డిజైనర్లకు ఇది కొత్త సంగతి కాదు. జాకార్డు యంత్రాన్ని ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జాకార్డ్ 1804లో ఒక రూపానికి తెచ్చాడు. 1839లో అదే ఊళ్లో దాదాపు 24,000 అట్టలతో ఆయన రూపాన్నే పట్టు మీద నేశారు. బుగ్గల నునుపు, కోటు ముడతలు, అన్నీ రంధ్రాల్లోంచి వచ్చినవే. కంప్యూటర్‌కు ఆద్యుడని పేరుపడ్డ చార్లెస్ బాబేజ్ ఆ నేత చిత్రం ఒకటి సంపాదించి, ఇంటికొచ్చినవాళ్లకు చూపేవాడు. కోడ్‌కు వంపు రాదనే మాట అప్పుడే చెల్లిపోయింది.

అట్ట కొట్టేముందు డిజైన్‌ను గళ్లలో వేసే గ్రాఫ్ కాగితం పని తెలిసినవాళ్లకు మరో సూక్ష్మం కూడా తెలుసు. గీతగళ్లు నలుచదరంగా ఉండి, చీరలో అంగుళానికి పడుగు పోగులొక లెక్క, పేకలు ఇంకో లెక్క అయితే, కాగితం మీది చక్రం చీర మీద కోడిగుడ్డవుతుంది. అందుకే పోగుల లెక్కకు తగ్గ గళ్లున్న కాగితం తీసుకుంటారు. అంటే వంపును కంటికి నచ్చినట్టు ఒకచోట గీసి వదిలేయడం లేదు, అది చివరికి ఎక్కడ దిగుతుందో లెక్క చూసి చెబుతున్నారు. రిపోర్టు పేజీకి చాలని బొమ్మను అడ్డంగా సాగదీసి అతికించే అలవాటున్న ఇంజినీర్లు నేర్చుకోవాల్సిన క్రమశిక్షణ ఇది.

కోడ్‌తో వంపు తేలికేనని చెప్పడం లేదు. ఒక్కోసారి నాలుగైదుసార్లు కోణం మార్చి చూస్తే గానీ కుదరదు. గ్రాఫ్‌విజ్, మెర్మెయిడ్ లాంటి కోడ్ పనిముట్లు బాణాల దారి తామే ఎంచుకుంటాయి కాబట్టి, ఫలానా బాణం ఫలానా వైపు వంగాలంటే అవి మొండికేస్తాయి. పైగా గ్రాఫ్‌విజ్‌లో నిలువు అడ్డ గీతలే కావాలని అడిగితే బాణాల మీది పేర్లు సరిగా కూర్చోవు. తిన్నని గీతలే క్షేమం అనేవాళ్లు ఈ సంగతి గమనించినట్టు లేదు. అయినా ఈ ప్రయాస ఒకసారిదే. ఒకసారి కుదిరిన వంపు ఫైల్లో ఒక పంక్తిగా ఉండిపోతుంది. ఆర్నెల్లకు దాన్ని 30 నుంచి 45కు మార్చితే ఎవరు, ఎప్పుడు, ఏ అంకె మార్చారో, ఫైళ్లలో మార్పుల చిట్టా రాసే గిట్ చూపిస్తుంది. మౌస్‌తో లాగిన వంపుకు అలాంటి చరిత్ర ఉండదు. లాగినవాళ్లు ఉద్యోగం మారితే దాని వెనకున్న ఆలోచన కూడా వాళ్లతోనే పోతుంది.

కోడ్ మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటే ఉంది, అది మగ్గం వైపు నుంచి వస్తుంది. అట్టల్లోకి ఎక్కిన డిజైన్‌ను ఎత్తుకుపోవడం సులువు. చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. ఆ జాబితాలో చీర ఉంది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా నేతన్న చెమటోడ్చిన అంచు మరమగ్గం మీద చవగ్గా దిగిపోతూనే ఉంది. ఇది దొంగతనం, చట్టం గట్టిగా అమలు కావాలి. అయితే ఈ నేరం అట్టది కాదు. చదువు కోసం, పని కోసం వేసే సాంకేతిక చిత్రం నలుగురికీ అందడానికే పుట్టింది కనుక, చీరకు చేటు చేసే ఈ సులువుగా నకలయ్యే గుణమే దానికి మేలు చేస్తుంది.

హిందూపురానికి దగ్గర్లోని లేపాక్షిలో వీరభద్రాలయం లతామండపం స్తంభాల మీద పదహారో శతాబ్దపు శిల్పులు తీగలు, హంసలు, అల్లికలు చెక్కారు. చేతి వంపుకు అంతకన్నా గొప్ప ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. ఆ రాతి వంపులు స్తంభాల మీదే ఉండిపోలేదు. లేపాక్షి డిజైన్లన్న పేరుతో చీర అంచులకు ఎక్కాయి. వాటిని ఎవరో చూసి గీశారు, గీసినదాన్ని గళ్లలోకి విడగొట్టారు, గళ్లను రంధ్రాలుగా కొట్టారు. చెయ్యికీ కోడ్‌కూ పడదని చెప్పేవాళ్లు ఈ వరసలో తగువు ఎక్కడుందో చూపించాలి.

ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల కాలేజీల్లో పాఠాలు చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. వచ్చే సెమిస్టర్‌లో పిల్లల్ని ఒక పూట ధర్మవరం తీసుకెళ్లి, అట్టలు కొట్టేచోట కూర్చోబెట్టండి. మర్నాడు ల్యాబ్‌లో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు డబ్బాలుగా వేయించి, పెనుకొండలో ఆగని బండికి వంపు బాణం కోడ్‌లో రాయమనండి. ఆ బాణానికి మార్కులు వేసేటప్పుడు బొమ్మతోపాటు ఫైలూ అడగండి.