నీళ్లు తాగమంటారు, ఎక్కడికి పొమ్మంటారు?

"వేడి చేసిందమ్మా, బార్లీ నీళ్లు తాగు." మూత్రంలో మంట అని చెప్పుకున్న ఆడదానికి ఇంట్లో ముందు వినబడే మాట ఇది. ఆస్పత్రికి వెళితే మాట కాస్త మారుతుంది: "నీళ్లు బాగా తాగాలి, శుభ్రంగా ఉండాలి." రెండుచోట్లా తప్పు ఆమె ఒంటిదే. ఆ ఒళ్లు వేడిదైనా అయ్యుండాలి, మురికిదైనా అయ్యుండాలి.

ఈ సలహాని ఆరోగ్య శిబిరాల్లో నేనూ చాలాకాలం పంచిపెట్టాను. బట్టల షాపులో పనిచేసే ఒకమ్మాయి నా నోరు మూయించింది. "తాగితే పొయ్యేదెక్కడికక్కా? షాపులో బాత్రూం ఓనరుగారిది. పొద్దున తొమ్మిదింటికి ఇంట్లోంచి బయల్దేరితే మళ్లీ రాత్రి తొమ్మిదింటికే." అందుకని పగలు నీళ్లు ముట్టదు. రెండు మూడు నెలలకోసారి మంట, చలి జ్వరం. మందుల షాపులో అడిగి నాలుగు మాత్రలు కొనుక్కుంటుంది, మంట తగ్గగానే మానేస్తుంది.

నీళ్ల సలహా తప్పేమీ కాదు. మగవాళ్ల మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్లుంటే మనది 4 సెంటీమీటర్లే. పేగుల్లో ఉండే ఈ.కోలై క్రిమి మూత్రాశయంలోకి ఎక్కడం మనకి తేలిక. మూత్రం ధారాళంగా పోతుంటే అది కొట్టుకుపోతుంది. బల్గేరియాలో జరిపి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఈ జబ్బు తిరిగి తిరిగి వస్తున్న 140 మంది స్త్రీలలో సగం మంది చేత రోజూ లీటరున్నర నీళ్లు అదనంగా తాగించారు. ఏడాదిలో వాళ్లకి సగటున 1.7 సార్లు జబ్బు వస్తే మిగతావాళ్లకి 3.2 సార్లు వచ్చింది. వెళ్లడానికి చోటు ఉండబట్టే కదా వాళ్లు తాగగలిగారు! చోటు చూపించకుండా నీళ్లు రాసిచ్చే డాక్టరుని ఏమనాలి?

ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్లు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 1948లోనే రాసింది. ఇంకా షాపుల్లో ఈ గతి. కేరళలో కోళికోడ్ మిఠాయి తెరువు బజారు ఆడవాళ్లదీ ఇదే బాధ. దర్జీ పని చేసే పి. విజి వాళ్లని కూడగట్టి 'పెన్‌కూట్టు' పెట్టింది. మరుగుదొడ్డితో మొదలైన ఆ పోరాటం కూర్చునే హక్కు దాకా వెళ్లింది. 2018లో కేరళ తన షాపుల చట్టాన్నే సవరించింది. 2021లో తమిళనాడూ ఆ దారి పట్టింది. మరి మన సంస్థలు? ఇళ్లలో మరుగుదొడ్లు లెక్కపెట్టాం, ప్యాడ్లు పంచాం. పనిచేసేచోట పన్నెండు గంటలు ఎలా బిగపట్టుకుంటున్నావని అడిగే ప్రశ్న మన సర్వే ఫారాల్లో ఎక్కడుంది?

డాక్టర్లని కూడా వదలకూడదు. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే అది తిరగబెట్టే జబ్బు. మందు మొదలుపెట్టేముందు మూత్రం కల్చర్ పరీక్ష చేయించాలి, షుగరు చూడాలి. ముట్లుడిగినవాళ్లకి యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము ఉపయోగపడుతుందని ఎంతమంది చెబుతున్నారు? తెల్లబట్టని కూడా దీనితోనే కలిపేసి ఒకే చీటీ రాస్తారు. పెరుగు విరిగినట్టుండి దురద పెడితే ఒక మందు, చేపల వాసన వేస్తే ఇంకో మందు, ఏ బాధా లేకుండా కాస్త తెల్లగా అవుతుంటే అసలు మందే అక్కర్లేదు. లోపల కడుక్కోమని సీసాల్లో అమ్మే ద్రావకాలు అక్కడుండే మేలుచేసే క్రిములనే చంపుతాయి. (సిగ్గుని సీసాలో పోసి అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.) అదే తెల్లబట్టకి గర్భసంచి తీయించుకున్న అక్కలు మన ఊళ్లలో ఎందరో! అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి కల్చర్ రిపోర్టు వచ్చింది. ఈసారి మాత్రలు పూర్తిగా వాడింది. బాత్రూం తాళం మాత్రం ఓనరు జేబులోనే ఉంది. ఆ వీధి షాపుల్లోని ఆడవాళ్ల సంతకాలు పోగుచేస్తున్నాం, లేబర్ ఆఫీసుకి అర్జీ రాశాం. మీ ఊరి బజార్లో ఎన్ని షాపులకి తాళాలున్నాయో లెక్క తీసి మాకు రాయండి.