పదకొండు మందితో ఏడాది గడుస్తుందా?

యూరపు ఫుట్‌బాల్ పోటీలు చూసే మన పిల్లలు తరచుగా ఒక ప్రశ్న వేస్తుంటారు. అందరికన్నా గొప్ప ఆటగాణ్ణి కోచ్ బెంచి మీద ఎందుకు కూర్చోబెట్టాడు? గెలుస్తున్న జట్టును మార్చడం తెలివైన పనేనా? ఇది పిల్లల ప్రశ్నే గాని, కోట్లు ఖర్చు చేసే పెద్ద క్లబ్బులు కూడా దీనికి ఒకే సమాధానం చెప్పలేకపోతున్నాయి.

మార్చకూడదనే వారి దగ్గర బలమైన సాక్ష్యమే ఉంది. 1980-81లో ఇంగ్లండుకు చెందిన ఆస్టన్ విల్లా 42 లీగ్ మ్యాచ్‌లను కేవలం 14 మంది ఆటగాళ్ళతో ఆడి విజేతగా నిలిచింది. 2015-16లో లెస్టర్ సిటీ ఇంచుమించు ఒకే జట్టుతో ఆడి, ఎవరూ ఊహించని విధంగా ప్రీమియర్ లీగ్ గెలుచుకున్నది. పక్కవాడు ఎటు పరుగెత్తుతాడో, బంతి ఎప్పుడు అందిస్తాడో కలిసి ఆడినకొద్దీ తెలుస్తుంది. ఈ మాట కాదనలేం.

అయితే సాక్ష్యాన్ని సగమే విని తీర్పు చెప్పడం ఇన్సాఫ్ కాదు. ఆ రెండు జట్లకూ ఆయా సంవత్సరాల్లో యూరపు పోటీలు లేవు. కనుక వారం మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది. మరుసటి ఏడాది లెస్టర్‌కు ఛాంపియన్స్ లీగ్ తోడయ్యింది. అందులో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళినా, స్వదేశీ లీగ్‌లో 12వ స్థానానికి జారింది. కప్పు తెచ్చిన కోచ్ రనియెరిని 2017 ఫిబ్రవరిలోనే తొలగించారు. కాంటే వంటి ఆటగాడు వెళ్ళిపోవడం ఒక కారణం కావచ్చు. పెరిగిన భారాన్ని మాత్రం లెక్కలోంచి తీసివేయలేం.

అదే 2016-17లో రియల్ మాడ్రిడ్ కోచ్ జిదాన్ మరో దారి పట్టాడు. కొన్ని లీగ్ మ్యాచ్‌లకు రొనాల్డోకు విశ్రాంతినిచ్చి ఇస్కో, అసెన్సియో, మొరాటా వంటి వారిని ఆడించాడు. 32 ఏళ్ళ రొనాల్డో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ నుంచి ఫైనల్ వరకు 10 గోల్స్ చేశాడు. మాడ్రిడ్‌కు ఆ ఏడాది రెండు టైటిళ్ళూ దక్కాయి. ఏడాది పొడుగునా ఆడుతూ వచ్చినందువల్లనే బెంచి మీది వారు అవసరమైన రోజున కొత్తవారిలా తడబడలేదు.

మరి విశ్రాంతి కరువైతే? 2023-24లో మాంచెస్టర్ సిటీ, స్పెయిన్ జట్ల తరఫున రోడ్రి 60కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆటగాళ్ళు సమ్మెకు చేరువలో ఉన్నారని 2024 సెప్టెంబరులో అతడు హెచ్చరించాడు. కొద్ది రోజులకే ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో అతని మోకాలి లిగమెంటు తెగింది. ఒక గాయానికి అలసటే కారణమని తేల్చి చెప్పలేం. కాని అంతకుముందు వరుసగా నాలుగుసార్లు లీగ్ గెలిచిన సిటీ, అతని లోటు పూడ్చలేక, ఇతరుల గాయాలు కూడా తోడై, ఆ శీతాకాలం ముంగిట అన్ని పోటీల్లో కలిపి వరుసగా 5 మ్యాచ్‌లు ఓడింది. చివరకు మూడవ స్థానంతో సరిపెట్టుకున్నది.

ఫుట్‌బాల్ పెద్దలు ఏం చేశారు? కరోనా కాలంలో, 2020లో తాత్కాలికంగా అనుమతించిన 5 సబ్‌స్టిట్యూట్ల నియమాన్ని 2022లో శాశ్వతం చేశారు. మంచిదే. కాని ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో లాక్కున్నారు. 2024లో ఛాంపియన్స్ లీగ్ తొలి దశను 6 మ్యాచ్‌ల నుంచి 8కి పెంచారు. 2025 వేసవిలో 32 జట్లతో క్లబ్ ప్రపంచ కప్ జరిపారు. ప్రతి అదనపు మ్యాచ్ టీవీ హక్కుల రూపంలో సొమ్ము తెస్తుంది. దాని బరువు మోసేది మాత్రం ఆటగాడి మోకాళ్ళే. పైగా బెంచి మీద కూడా మేటి ఆటగాళ్ళను పోషించే స్తోమత సంపన్న క్లబ్బులకే ఉంటుంది. చిన్న క్లబ్బు అలసిన వారినే మళ్ళీ మైదానంలోకి దించక తప్పదు.

కాబట్టి ఆటగాళ్ళను మార్చి మార్చి ఆడించడం నేటి అవసరమే అన్నది మా అభిప్రాయం. ఆ పని ముందుచూపుతో, బెంచి మీది వారిపై నమ్మకంతో జరగాలి. అయితే మితిమీరిన మ్యాచ్‌లకు ఇదే మందు అనుకోవడం పొరపాటు. ఆటగాడి దేహం క్లబ్బు చేతిలోని అమానతు. దాన్ని కాపాడే భారమంతా కోచ్ నెత్తిన పెట్టి, మ్యాచ్‌ల పట్టిక తయారుచేసే పెద్దలు పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు.