దొంగ దీపాలు ఎవరి చేన్లో పెట్టాలె?



పోయిన వారం స్టడీ అవర్‌లో మా గదిలో పెద్ద వాదన జరిగింది. సోషల్ టీచర్ చెప్పిన సంగతి మీదనే. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ విమానాలు రాత్రిపూట ఇంగ్లండు మీద బాంబులు వేసేవి. అప్పుడు 1940లో కల్నల్ జాన్ టర్నర్ అనే ఆయన నాయకత్వంలో దొంగ విమానాశ్రయాలు తయారుచేసినారు. అసలు దానికి కొన్ని మైళ్ల దూరంలో, బయలు పొలాల్లో, రన్‌వే మాదిరిగా వరుసగా దీపాలు పెట్టేవాళ్లు. అక్కడ విమానం ఒక్కటీ ఉండదు. భద్రంగా కట్టిన చిన్న గదిలో ఇద్దరు కూచొని స్విచ్చి వేసేవాళ్లు. పైనున్న పైలట్‌కు చీకట్లో ఏం తెలుస్తది? దీపాలు చూసి బాంబులు అక్కడనే వదిలేటోడు.

అందరూ "భలే తెలివి" అన్నరు. నేను కూడా అన్న. కానీ రాత్రి నిద్ర పట్టలే. మా తాత గుర్తుకొచ్చిండు.

మాకు అడవి అంచున జొన్న చేను ఉంది. అడవి పందులు వస్తయని తాత మంచె మీద పడుకునేటోడు. ఒక్కడే రెండు దిక్కులా కావలి కాయలేడు కదా. అందుకని ఆ చివర మంట పెట్టి, కర్రకు పాత అంగీ తొడిగి, తను ఈ చివర ఉండేటోడు. పందులు మనిషి ఉన్నడనుకొని తిరిగిపోయేవి. తిరిగి ఎక్కడికి పోయినయి? పక్క చేన్లకు. ఒకనాడు తెల్లారి చూస్తే వాళ్ల జొన్న సగం నేలపాలైంది. ఆ పెద్దమ్మ మా వాకిట్లకొచ్చి ఏడ్చింది. తాత ఏమీ మాట్లాడలే. సాయంత్రం కట్టెల మోపు ఎత్తుకపోయి వాళ్ల గట్టు మీద దించిండు. ఆ రాత్రి రెండు చేన్లల్ల మంటలు వెలిగినయి.

విశాఖపట్నంలో కూడా ఇట్లాంటిదే జరిగింది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విక్రాంత్ ఓడను ముంచాలని వచ్చింది. మనవాళ్లు విక్రాంత్‌ను అండమాన్ దిక్కు దాచి, రాజ్‌పుత్ అనే పాత ఓడతో విక్రాంత్ ఇక్కడనే ఉన్నట్లు వైర్‌లెస్ సందేశాలు పంపించినారు. పెద్ద ఓడకు సరిపడా సరుకులు కూడా ఊర్లో ఆర్డర్ ఇచ్చినామని వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు తర్వాత రాసినారు. ఘాజీ నమ్మి వచ్చింది. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి మునిగిపోయింది. అందులో 90 మందికి పైగా చనిపోయినారు. సినిమా చూసినోళ్లు గెలుపు గురించే చెప్తరు. నాకైతే సరుకులు అమ్మినోళ్లే యాదికొస్తరు. శత్రువును తమ ఊరి ముందరికి పిలిచే పనిలో వాళ్లకూ చెయ్యి పడ్డది.

దొంగ దీపాలు తప్పని నేను అంటలేను. విమానాశ్రయం కాలిపోతే ఇంకా నష్టమే. కానీ మ్యాపు చూసి "ఇది ఖాళీ జాగా" అనేవాళ్ల మాట నేను నమ్మను. మా ఊరు కూడా మ్యాపులో పచ్చ రంగే, ఇండ్లు కనపడవు. మన పటేల్‌గూడ డాబా ఎక్కితే రాత్రి పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీల లైట్లు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ కూడా దూరమేం కాదు. వీటిని కాపాడే దొంగ దీపాలు ఎక్కడ పెడతరు? చీకటి ఉన్న ఊళ్లల్లనే కదా. అంటే మా అసొంటోళ్ల దగ్గర.

"ముందే చెప్తే రహస్యం ఉంటదా?" అని నా పక్క మంచం అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్ననే. కారణం చెప్పకున్నా సరే, అక్కడ ఉన్నోళ్లను ముందు దూరం పంపాలె, చేను పోతే పైసలియ్యాలె. ఇది నా జవాబు.

ఆమె ఇంకా ఒప్పుకోలేదు. కింద జాగా వదిలిపెట్టిన, ఆమే కాదు ఎవరైనా రాయొచ్చు. పెన్సిల్‌తోనే రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని