బురదదారికి ఏ బండి? ధరల లెక్క ఇదీ

నాలుగు చక్రాలూ లాగే బండ్లలో ఏది మేలని వాహనప్రియులు తర్జనభర్జన పడుతున్నారు. మారుతి జిమ్నీ 2023 జూన్‌లో విడుదలైనపుడు ప్రారంభ ధర 12.74 లక్షల రూపాయలు. దానిలో అన్ని రకాలకూ ఈ సదుపాయమున్నది. 2024 ఆగస్టు 15న మహీంద్రా ఐదు తలుపుల థార్ రాక్స్‌ను 12.99 లక్షలకు ప్రకటించింది. అయితే ఆ ధరకు దొరికేది వెనుక చక్రాలు మాత్రమే లాగే పెట్రోలు బండి! నాలుగు చక్రాల రకం డీజిల్‌లోనే ఉన్నది. అది ఆనాడు 18.79 లక్షల నుండి మొదలయింది. ఈ తేడాలో డీజిల్ ఇంజను, అదనపు హంగుల ఖరీదు కూడా కలిసి ఉన్నదనుకోండి.

జిమ్నీలో నలుగురికే చోటు, డీజిల్ లేదు. రాక్స్‌లో ఐదుగురు కూర్చోవచ్చు.

వానాకాలమంతా నల్లరేగడి బాటన తిరిగే రైతుకు ఈ సదుపాయం అక్కరకు వస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు బురదలో దిగేవారికి మాత్రం పక్కవాని ట్రాక్టరు సాయమే చవక. పైగా ఇది బ్రేకు బలాన్ని పెంచదు. ఈ రెండు బండ్లలోనూ పొడి తారురోడ్డుపై దీనిని వేసి నడపరాదు; మలుపులో ముందు, వెనుక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు గనుక టైర్లు, గేర్లు అరుగుతాయి.

2025 సెప్టెంబరు పన్ను సవరణతో రెండింటి ధరలూ కొంత తగ్గాయి. రిజిస్ట్రేషను, బీమా ఖర్చులు అదనం.