పరిశోధన ఎవరి మీద, రాత ఎవరి కోసం?

పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 1985లో స్త్రీల మీద నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం తలపెట్టారు. విషయం తెలిసి స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి మాట్లాడితే, అది ఇంకా ప్రయోగ దశలో ఉన్న మందని ఆ స్త్రీలకు ఎవరూ చెప్పలేదని బయటపడింది. మరుసటి ఏడాది సహేలీ, చింగారీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

పాతికేళ్లు కూడా తిరక్కుండానే, 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేశారు. భద్రాచలం ప్రాంతంలో వారిలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి: మన రాష్ట్రానివని చూపిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు!

దీన్ని నైతిక లోపమని ఒక మాట అని, శాస్త్రం మాత్రం సరిగానే జరిగిందనుకోవడం మన మేధావులకు అలవాటు. అదెలా కుదురుతుంది? బిడ్డకు ఏ టీకా వేశారో తెలియని తల్లి, సెలవులకు ఇంటికొచ్చిన ఆ పిల్లకు జ్వరం వస్తే ఎవరికి చెబుతుంది? చెప్పని జ్వరం ఏ పట్టికలోకీ ఎక్కదు. దుష్ఫలితాలను కనిపెట్టి నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని స్థాయీ సంఘం కూడా తప్పుపట్టింది.

అయితే మన రాతకూ ఇదే కొలత వర్తిస్తుంది. ఖమ్మం, వడోదర జిల్లాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చనే విచారణ సంఘం చెప్పింది. 'టీకా చంపింది' అని కరపత్రం వేయడం సులువు, కానీ అది రుజువైన మాట కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఈ టీకా అడ్డుకుంటుందని తర్వాతి సంవత్సరాల్లో అనేక దేశాల అనుభవం చూపింది. మన పోరాటం తెలుసుకునే హక్కు కోసం.

సర్వేలు చేసే మిత్రులకు భాష సంగతి కూడా చెప్పాలి. 'యోని స్రావాలు ఉన్నాయా?' అని అడిగితే లేదంటుంది. 'తెల్లబట్ట అవుతుందా?' అంటే అరగంట మాట్లాడుతుంది. గృహహింస లేదన్న ఆవిడే, కొడతాడా అంటే 'కొట్టని మొగుడెవడమ్మా' అంటుంది. ఇంగ్లీషు ప్రశ్నావళిని రాత్రికి రాత్రి తెలుగు చేయించి, మర్నాడు ఊళ్లోకి పంపితే వచ్చే అంకెలు ఎంత పెద్దవైతే మాత్రం ఏం లాభం?

ఇంతకంటే మెరుగ్గా చేసిన పని మన దగ్గరే ఉంది. తెలంగాణా పోరాటంలోని స్త్రీల మాటలతో 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో ముందు తెలుగులో వచ్చింది, ఇంగ్లీషు పుస్తకం ఆ తర్వాతే. ఇప్పుడు క్రమం తలకిందులైంది. నివేదిక ఇంగ్లీషులో నిధులిచ్చేవారికి వెళ్తుంది, తెలుగు సారాంశానికి బడ్జెట్ మిగలదు.

వచ్చే సంచిక నుంచి మాకు సర్వే వ్యాసాలు పంపేవారు ఈ వివరాలు కూడా రాయాలి. ఎంతమందిని అడిగారు, ఎంతమంది కాదన్నారు, ప్రశ్నలు తెలుగులో ఎవరు రాశారు, ఫలితాలు ఆ ఊళ్లో ఎప్పుడు చదివి వినిపించారు. ఇంకా వినిపించకపోతే, ఆ పని అయ్యాకే వ్యాసం పంపండి.