ఇల్లు అమ్మే ముందు అందులో ఉండేవాళ్లను అడగండి

ముప్పై, నలభై ఏళ్ల కిందట కాలనీల్లో కట్టుకున్న డాబా ఇళ్ల ముందు ఇప్పుడు ఒకే ప్రశ్న ఉంది. హైదరాబాద్ అయినా, విజయవాడ అయినా, విశాఖ అయినా అదే. బాగు చేయించుకుని ఉండాలా, అమ్మేసి గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు కొనుక్కోవాలా? చాలా కుటుంబాల్లో తీర్పు చెబుతున్నది ఆ ఇంట్లో ఉండని పిల్లలు. వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో కూర్చుని, గజం రేటు చూసి తేల్చేస్తున్నారు. ఇది సరికాదు.

పిల్లల భయం అబద్ధమని కాదు. అమ్మ బాత్‌రూములో జారిపడుతుందేమో, నాన్న మెట్లెక్కలేడేమో అన్న దిగులు నిజమే. కానీ ఆ దిగులుకు మందు చాలాసార్లు అదే ఇంట్లో ఉంటుంది. పడకగది కిందికి మార్చడం, జారని టైల్స్ వేయించడం, కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించడం, వీధి మెట్ల పక్కన ర్యాంపు కట్టించడం కొన్ని వారాల పని.

ఇంటికే రోగముంటే అది వేరే మాట. కాంక్రీటులోకి తేమ దిగితే లోపలి చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి. ఆ ఉబ్బే స్లాబు పెచ్చుల్ని ఊడగొడుతుంది. పైన సిమెంటు పూసి రంగేస్తే ఆగదు. ఒకటి రెండు చోట్లయితే తుప్పు గీకి, చువ్వలకు పూత వేసి మళ్లీ కప్పవచ్చు. స్లాబంతా అలాగే ఉంటే రిపేరుకు పెట్టే డబ్బు దండగ. ఈ తేడా చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరు. ఇల్లు కొనబోయే బిల్డరు కాదు, పని దొరికితే చాలనుకునే మేస్త్రీ కూడా కాదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి ఇల్లు పల్లంలో పడి, వానొస్తే మురుగు హాల్లోకి వస్తుంటే ఎంత మంచి బాత్‌రూము కట్టినా లాభం లేదు. ఇంటిని జాకీలతో ఎత్తించినా వీధి డ్రైనేజీ మన చేతిలో ఉండదు. అలాంటి ఇల్లు అమ్మడమే మేలు.

ఇక డబ్బు లెక్క. అమ్మితే వచ్చే ధర ఒక్కటే చూడొద్దు, చేతిలో ఎంత మిగులుతుందో చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం దాకా అవుతుంది. 80 లక్షల ఫ్లాటుకు అది 6 లక్షలు. కట్టడంలో ఉన్న ఫ్లాటయితే జీఎస్టీ అదనం. పాత ఇంటి మీద వచ్చిన లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొంటే ఆ మేరకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. పిల్లలు పంచుకుంటే దొరకదు, క్యాపిటల్ గెయిన్స్ పన్ను కట్టాలి. రెండొందల గజాల సొంత నేల పోయి, ఫ్లాటుతో పాటు వచ్చేది కొద్ది గజాల అవిభాజ్య వాటా. దాని మీద నెలనెలా మెయింటెనెన్స్.

ఏ లెక్కలోకీ రానిది వీధి. ఫోన్ చేస్తే మందులు పంపే షాపు, నడిచి వెళ్లే గుడి, పొద్దున తలుపు తీయకపోతే గోడ మీంచి కేకేసే పక్కింటావిడ. డెబ్భై దాటాక వీటిని కొత్తచోట మళ్లీ కూడగట్టుకోవడం కష్టం. తల్లిదండ్రుల్ని క్షేమంగా ఉంచుతున్నదాంట్లో ఈ మనుషుల వాటా పెద్దది.

అడగడమంటే ఉండిపొమ్మని చెప్పించుకోవడం కాదు. వాకిలి ఊడ్చి, ట్యాంకు కడిగించి, కరెంటు మనిషి కోసం కాచుకుని విసిగిపోయిన తల్లి లిఫ్టూ వాచ్‌మనూ ఉన్న ఫ్లాటే కావాలనవచ్చు. అప్పుడు “నాన్న కట్టిన ఇల్లు” అని ఆమెను ఆపే హక్కూ పిల్లలకు లేదు. స్వార్జితమైన ఇంటి మీద నిర్ణయం అది ఎవరి పేరున ఉందో వారిదేనని చట్టమూ చెబుతోంది.

తేల్చుకోలేకపోతే పాత ఇల్లు అమ్మకుండానే, వెళ్లాలనుకున్న చోట ఆరు నెలలు అద్దెకు ఉండి చూడమనండి. ఆ అద్దె పిల్లలు కట్టాలి. నచ్చకపోతే వెనక్కి రావడానికి ఇల్లుంటుంది. అమ్మేశాక ఆ దారి ఉండదు.