హైదరాబాద్ జట్టు ఢిల్లీకి పోయింది, ప్లోయెష్ట్ జట్టు ఊళ్లోనే నిలిచింది: తేడా ఎక్కడ?

ఐఎస్‌ఎల్‌లో తెలంగాణ తరఫున ఆడుతూ వచ్చిన ఒకే ఒక్క జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2025 అక్టోబర్‌లో అది ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ వార్త ఒక రోజు కనబడింది, మర్నాటికి పాతబడింది. మూడున్నరేళ్ల క్రితం దేశంలోనే పెద్ద కప్పు గెలిచిన జట్టు ఇలా వెళ్లిపోతే నగరంలో పెద్దగా చప్పుడే లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, సాగర్ వైపు ఉండే మనకు దీంతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. నల్లగొండ జిల్లా పాత హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన హైదరాబాద్ పేరులో మన వాటా కూడా ఉంది. చదువుకైనా, కొలువుకైనా మన పిల్లలు పోయేది ఆ నగరానికే. అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. డబ్బున్న మనిషి చేయి వదిలేస్తే సంస్థ నిలుస్తుందా, కూలుతుందా అన్న ప్రశ్న ఒక్క ఫుట్‌బాల్‌ది కాదు. స్కూలు, మదర్సా, లైబ్రరీ, యూత్ క్లబ్... మన ఊళ్లలో ఏది పెట్టినా ఎదురయ్యే ప్రశ్నే అది.

కప్పు నుంచి అప్పుల దాకా

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. అదీ కొత్తగా పుట్టలేదు. ఎఫ్‌సీ పుణె సిటీ మూతబడితే ఆ స్థానం మనకు వచ్చింది. అంటే 2025లో మనం పోగొట్టుకున్నది 2019లో పుణె పోగొట్టుకున్నదే. ఆ రోజు పుణె అభిమానుల బాధ మనకు పట్టలేదు. ఫ్రాంచైజీ అనే పద్ధతిలో ఉన్న గుణమే ఇది. జట్టు ఊరిది కాదు, లైసెన్సు ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. వాళ్లు మూట కట్టుకుని ఎటు పోతే జట్టు అటు పోతుంది.

మొదటి సీజన్‌లో మన జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చి కుర్రాళ్లతో మంచి జట్టును తయారుచేశాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. 3-1తో కప్పు మనదైంది. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచిన సంవత్సరం సొంత నగరం సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. మరుసటి సీజన్‌లోనూ లీగ్ పట్టికలో రెండో స్థానం వచ్చింది.

ఆ తర్వాత పతనం వేగంగా సాగింది. 2023-24లో జీతాలు ఆగిపోయాయి. ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు సీజన్ మధ్యలోనే సర్దుకుని వెళ్లిపోయారు. పిల్లల్లాంటి ఆటగాళ్లతో సీజన్ లాగించారు. గెలిచింది ఒక్క మ్యాచే. 2024లో క్లబ్ బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. ఆ పైన మొత్తం లీగే సంక్షోభంలో పడింది. ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కు, లీగ్ నిర్వాహకులకు మధ్య ఒప్పందం గడువు దగ్గరపడుతుంటే 2025 జూలైలో కొత్త సీజన్‌ను ఆపేశారు. ఆ గందరగోళంలోనే మన జట్టు ఊరు దాటింది.

డెక్కన్ లీజియన్ పేరుతో కొందరు అభిమానులు చివరిదాకా గచ్చిబౌలి స్టాండ్లలో నిలబడ్డారు. కానీ ఇదీ ఒప్పుకోవాలి: ఆ స్టాండ్లు నిండిన రోజులు తక్కువ. ఉన్న అభిమానులకైనా అరిచే హక్కు ఉందే తప్ప ఓటు హక్కు లేదు. జట్టును అమ్ముతున్నప్పుడుగానీ, తరలిస్తున్నప్పుడుగానీ వాళ్లను అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

రహీం సాబ్ జమానా ఎందుకు నిలవలేదు?

ఇది మన మొదటి నష్టం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం స్కూల్ టీచర్. 1943 నుంచి మరణించేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచింగ్‌లో భారత్ 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫిఖరుద్దీన్ లాంటి హైదరాబాదీలు ఆ జట్లకు ప్రాణం పోశారు. అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా 2024లో వచ్చాక మన పిల్లల్లో చాలామందికి రహీం సాబ్ పేరు మొదటిసారి తెలిసింది.

1956, 1957 సంవత్సరాల్లో వరుసగా సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌ది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ ఇటువైపు రాలేదు. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది మాత్రం బెంగాల్, కేరళ. మైదానం మనది, పండగ వాళ్లది.

ఎందుకు ఇలా అయింది? పోలీస్ శాఖ, ఇతర ఆఫీసులు ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చినంత కాలం ఆట నడిచింది. ఆ కొలువులు తగ్గాయి, ఆట తగ్గింది. బార్కస్‌లో, మల్లేపల్లిలో పిల్లలు బంతి తన్నడం మానలేదు. వాళ్లను పట్టుకుని నిలబెట్టే క్లబ్బే లేకపోయింది. అందుకే మన మంచి ఆటగాళ్లు కోల్‌కతా రైలెక్కారు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. మహమ్మద్ హబీబ్ అయితే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టింది మన హబీబే. 2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు. అంతటి ఆటగాడి పేరు చెప్పుకోవడానికి సొంతూళ్లో ఒక క్లబ్ మిగల్లేదు.

ప్లోయెష్ట్‌లో ఏం జరిగింది?

ఇప్పుడు రొమేనియాకు వెళ్దాం. రాజధాని బుకారెస్ట్‌కు ఉత్తరాన ప్లోయెష్ట్ అనే ఊరుంది. చమురు శుద్ధి కర్మాగారాల ఊరు. అక్కడి క్లబ్ పేరు కూడా పెట్రోలుల్. 1924 నాటి క్లబ్. నాలుగుసార్లు దేశ చాంపియన్. 1966లో యూరోపియన్ కప్‌లో ఇంగ్లండ్ దిగ్గజం లివర్‌పూల్‌ను సొంత మైదానంలో 3-1తో ఓడించిన జట్టు అది. 2013లో రొమేనియా కప్ కూడా గెలిచింది.

అలాంటి క్లబ్ మూడేళ్లు తిరగకుండానే అప్పుల్లో కూరుకుపోయింది. 2016లో మూతబడింది. ఇక్కడిదాకా కథ మన హైదరాబాద్ ఎఫ్‌సీ కథే. ఆ తర్వాతే దారి మారింది. పాత ఆటగాళ్లు, అభిమానులు కలిసి కొత్త సంఘంగా ఏర్పడి జట్టును మళ్లీ నమోదు చేశారు. పై డివిజన్‌లో చోటు లేదు. అడుగున ఉన్న నాలుగో డివిజన్ నుంచి, అంటే మన జిల్లా లీగ్ లాంటి దాని నుంచి మొదలుపెట్టారు. నిన్నటిదాకా దేశంలోని పెద్ద జట్లతో ఆడిన పసుపు, నీలం జెర్సీ పల్లెటూరి మైదానాల్లోకి దిగింది. జనం అక్కడికీ వెంట వెళ్లారు. 2017లో మూడో డివిజన్, 2018లో రెండో డివిజన్, 2022లో మళ్లీ మొదటి డివిజన్. ఆరేళ్లు పట్టింది.

ఈ కథలో మాయ ఏమీ లేదు. అభిమానులకు వేల కోట్లు లేవు. వాళ్లు చేసింది ఒకటే. జట్టు అంటే లైసెన్సు కాగితం కాదు, ఊరి జ్ఞాపకం అనుకున్నారు. ఆ జ్ఞాపకాన్ని నమోదైన సంఘంగా మార్చుకున్నారు. కింది మెట్టు మీద కూర్చోవడానికి సిగ్గుపడలేదు.

ఊరు మారిన జట్టుకు జవాబు కూడా ఉంది

జట్టు మూతబడటం వేరు, తరలిపోవడం వేరు అనొచ్చు. తరలిపోయిన దానికి లండన్‌లోని వింబుల్డన్ ఉదాహరణ. 2002లో ఆ క్లబ్‌ను మిల్టన్ కీన్స్ అనే వేరే పట్టణానికి తీసుకెళ్లడానికి అనుమతి దొరికింది. అభిమానులు కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్ పెట్టుకున్నారు. బహిరంగ మైదానంలో ట్రయల్స్ పెట్టి ఆటగాళ్లను ఎంచుకున్నారు. తొమ్మిదో డివిజన్‌లో మొదలై, 2011లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో పాత పేటలోనే సొంత స్టేడియం తెరిచారు. ఇప్పటికీ ఆ క్లబ్ అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది.

ఇదంతా యూరప్‌లో, మన దేశంలో కుదురుతుందా? కోల్‌కతాలో కుదిరింది. 1891లో పుట్టిన మహమ్మడన్ స్పోర్టింగ్ సభ్యుల క్లబ్. 1934 నుంచి 1938 వరకు వరుసగా 5 సార్లు కలకత్తా లీగ్ గెలిచిన జట్టు. దానికీ కష్టకాలాలు వచ్చాయి. 2023-24లో ఐ-లీగ్ గెలిచి ఐఎస్‌ఎల్‌లోకి వచ్చింది. మరుసటి సీజన్‌లోనే జీతాల గొడవలతో పట్టికలో అట్టడుగున నిలిచింది. పెట్టుబడిదారులతో తగాదాలు నడిచాయి. అయినా ఎవరూ దాన్ని మూట కట్టి ఇంకో ఊరికి తీసుకుపోలేదు. ఎందుకంటే క్లబ్ పెట్టుబడిదారుడి సొత్తు కాదు. మోహన్ బగాన్ సంగతీ అంతే. 2020లో ఏటీకేతో కలిశాక జట్టు పేరు ముందు ఆ మూడక్షరాలు చేరాయి. అభిమానులు ఊరుకోలేదు. వాటిని తీసేయాలని పట్టుబట్టారు. 2023లో పేరు మారింది.

అంటే తేడా డబ్బులో లేదు. కష్టం వచ్చిన రోజు 'ఇది మాది' అని చెప్పగల సంఘం ముందే ఉందా లేదా అన్నదే తేడా. జర్మనీలో దీన్ని నిబంధనగానే పెట్టారు. కొద్ది క్లబ్బులు మినహా అన్నిచోట్లా సగానికి మించిన ఓట్లు సభ్యుల దగ్గరే ఉండాలి. పెట్టుబడిదారుడు రావచ్చు, కానీ ఊరిని అడగకుండా జట్టును కదపలేడు.

మసీదు కమిటీ నేర్పిన పాఠం

మనకు ఈ పద్ధతి కొత్తేం కాదు. మన ఊళ్లలో మసీదు ఎలా నడుస్తోంది? ఒక్క ధనవంతుడి దయ మీద కాదు. ఇంటింటి చందా మీద. సదర్ సాబ్ మారతారు, కమిటీ మారుతుంది, మసీదు మాత్రం ఉంటుంది. జుమా తర్వాత లెక్క చదివి వినిపించిన చోట చందా ఆగదు. లెక్క దాచిన చోట గొడవ మొదలవుతుంది. ఖబరస్తాన్ గోడ కట్టినా, పేదింటి పిల్ల పెళ్లికి సాయం చేసినా ఇదే దారి. సొమ్ము అమానత్ అన్న భావనే దీనికి పునాది. ప్లోయెష్ట్ అభిమానులు ఆటకు చేసింది మనం ఇబాదత్‌గాహ్‌కు తరాలుగా చేస్తున్నదే.

మరి పిల్లల ఆటకు ఎందుకు చేయం? సాయంత్రమైతే ఫోన్ పట్టుకుని మూలన కూర్చుంటున్నారని ప్రతి ఇంట్లో అమ్మీ, అబ్బా మొత్తుకుంటూనే ఉన్నారు. మైదానంలో వాళ్లకోసం ఏం పెట్టామని మాత్రం ఎవరూ అడగడం లేదు. ఎన్నికల ముందు ఓ నాయకుడు జెర్సీలు, బంతి పంచుతాడు. ఫోటో దిగుతాడు. బంతి చినిగేదాకా ఆట, తర్వాత మళ్లీ ఫోనే. ఫ్రాంచైజీ జట్టు పెద్ద ఎత్తున చేసింది, ఈ జెర్సీల పంపకం చిన్న ఎత్తున చేస్తోంది. రెండింట్లోనూ ఇచ్చే చేయి ఒకటే, అది వెనక్కి పోతే అంతా పోతుంది.

సూర్యాపేటలోగానీ, మిర్యాలగూడలోగానీ ఓ క్లబ్ పెట్టడానికి పెద్ద సేఠ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. సొసైటీ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు. 200 ఇళ్లు నెలకు 50 రూపాయలు ఇచ్చాయనుకోండి, నెలకు 10,000, ఏడాదికి 1,20,000. బంతులకు, గోల్ పోస్టులకు, వారానికి మూడు రోజులు వచ్చే కోచ్‌కు అది మొదటి అడుగు. బడి వదిలాక ఖాళీగా ఉండే స్కూల్ గ్రౌండ్‌ను అనుమతితో వాడుకోవచ్చు. ప్రతి ఇంటికీ ఒక ఓటు ఉండాలి. ఏడాదికోసారి లెక్క అందరి ముందు చదవాలి. జట్టు పేరు, రంగు, ఊరు మార్చాలంటే సభ్యుల ఓటింగ్ తప్పదని బైలాలోనే రాసుకోవాలి. ఆడపిల్లలకు వేరే సమయం, వేరే కోచ్ మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. తర్వాత చూద్దామంటే అది జరిగే పని కాదు.

ఇంకో మాట. ఆ క్లబ్ మన మొహల్లాకే పరిమితం కాకూడదు. రహీం సాబ్ జట్టులో అజీజుద్దీన్ పక్కన బలరాం ఆడాడు, పీటర్ తంగరాజ్ గోల్ కాశాడు. ఊరి పేరుతో ఉన్న జట్టుకు ఊరంతా చందా ఇస్తుంది, ఊరంతా కాపలా కాస్తుంది.

హైదరాబాద్ అభిమానుల ముందు కూడా ఇదే దారి ఉంది. ఢిల్లీకి పోయిన లైసెన్సు వెనక్కి వస్తుందని కూర్చుంటే మరో పదేళ్లు గడుస్తాయి. రేపు ఇంకో కంపెనీ ఇంకో ఊరి జట్టును తెచ్చి మనకు అంటగట్టొచ్చు కూడా. దానికన్నా నగరంలోని కింది డివిజన్‌లో, సొంత సభ్యత్వంతో, చిన్న జట్టు మేలు. ప్లోయెష్ట్‌కు ఆరేళ్లు, వింబుల్డన్‌కు తొమ్మిదేళ్లు పట్టింది. మనకు ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కానీ ఆ జట్టును ఒక సంతకంతో ఎవరూ రైలెక్కించలేరు.